ఒక్సానా మానేసిన భాష

బర్నబీ
12 సెప్టెంబరు 2023

చిరంజీవి కోదండానికి అక్క రాసేది.

ఉత్తరం నెత్తిన 'శ్రీరామ' రాయడం నాన్న మన చిన్నప్పుడే మాన్పించారు. అందుకని నేరుగా కోపంతోనే మొదలుపెడుతున్నాను.

మీ ఆవిడకి నేనేం అపకారం చేశాన్రా? ఆగస్టు ఇరవైన ఆమె పుట్టినరోజు. మీ పెళ్ళయిన దగ్గర్నుంచీ ఏటా నేను రష్యన్‌లో కార్డు రాస్తున్నాను, ఏటా ఆమె జవాబు రాస్తోంది. పోయినేడు రాలేదు. వాళ్ళన్నయ్య యుద్ధంలో పోయిన దుఃఖంలో ఉంది, ఏం రాస్తుందిలే అని ఊరుకున్నాను. ఈ ఏడూ లేదు. కార్డు అందలేదేమో అనుకుందామంటే రిజిస్టర్ చేసి పంపాను. అందినట్టు సంతకం కూడా వచ్చింది.

ఫోన్ చేసి అడుగుదామంటే నాకు చెవులు పూర్తిగా పోయాయి. మెసేజ్ టైప్ చేసి పెడతానంటుంది ధాత్రి. నా కష్టసుఖాలు కూతురి వేళ్ళ మీదుగా వెళ్ళడం నాకిష్టం లేదు. కాబట్టి నువ్వు పెన్ను పట్టక తప్పదు.

నాన్న కమ్యూనిస్టు పార్టీ తరఫున నిన్ను ఖార్కోవ్‌కి ట్రాక్టర్ల ఇంజనీరింగ్ చదవడానికి పంపినప్పుడు నీకు పందొమ్మిదేళ్ళు. అక్కడే ఒక్సానాని చేసుకున్నావని తెలిశాక మన చుట్టపక్కాల్లో ఆమెతో మాట్లాడగలిగింది నేనొక్కదాన్నే. విజయవాడలో సాయంత్రం క్లాసులకి వెళ్ళి రష్యన్ ఎందుకు నేర్చుకున్నానో ఆ రోజు తెలిసింది. తొంభైనాలుగులో మీరు తెనాలి వచ్చి మా ఇంట్లో ఆరు నెలలున్నారు. ఆ పిల్ల నా కొంగు పట్టుకునే తిరిగింది. నేను పొద్దున్నే స్కూలుకి బయల్దేరుతూ "వెళ్ళొస్తా, తలుపేసుకో" అంటే, నేను సందు మలుపు తిరిగేదాకా గుమ్మంలో నిలబడి "తలుపేసుకో, తలుపేసుకో" అని అప్పజెప్పుకునేది. ఆమెకొచ్చిన మొదటి తెలుగు ముక్క అదే.

అప్పుడు తెచ్చిచ్చిన నీలం ఎనామిల్ గిన్నెలో ఇవాళ్టికీ పాలు కాస్తున్నాను. ఇన్నేళ్ళయినా పెచ్చు లేవలేదు. ఏమైనా ఆ దేశం సరుకే వేరు.

ధాత్రి నన్ను తెచ్చి పెట్టుకున్న ఈ బర్నబీలో వాన మొదలైంది. మనవడు అర్జున్ నా మీద జాలిపడి రోజుకో పది ముక్కలు కాగితం మీద రాసి మాట్లాడతాడు, అవీ ఇంగ్లీషులో. వెంటనే జవాబు రాయి.

నీ అక్క,
ఝాన్సీలక్ష్మి


రెజైనా
28 సెప్టెంబరు 2023

అక్కకు,

నీ కోపం చదివి చాలా రోజులైంది. ఆరోగ్యంగానే ఉన్నావని తెలిసింది.

ఒక్సానాకి నీ మీద ఏమీ లేదు. కళ్ళకి శుక్లాలు వచ్చాయి. అక్షరాలు అలుక్కుపోయినట్టు కనిపిస్తున్నాయట. ఆపరేషన్‌కి ఈ రెజైనాలో నెలల తరబడి ఆగాలి. రాయలేక ఊరుకుంది, అంతే.

శనివారాలు చర్చి హాలుకి వెళ్తోంది. నూరేళ్ళ కిందట ఈ దేశానికి గోధుమలు పండించడానికి వచ్చిన ఉక్రెయిన్ వాళ్ళ మునిమనవలూ, నిన్నా మొన్నా యుద్ధం తప్పించుకుని వచ్చినవాళ్ళూ అక్కడ కలుస్తారు. అందరూ కూర్చుని వరేనికి చేసి అమ్ముతారు. మన కజ్జికాయలాగే ఉంటుంది. లోపల బంగాళాదుంప ముద్ద పెట్టి నీళ్ళలో ఉడికిస్తారు. నేను దుంపల తొక్క తీస్తాను. రిటైరయ్యాక దొరికిన ఉద్యోగం.

చెరువు మీద బాతులు గుంపులు కడుతున్నాయి. ఇంకో నెలలో మంచు.

నీ తమ్ముడు,
కోదండరామ్


బర్నబీ
20 అక్టోబరు 2023

ఒరేయ్ కోదండం,

కళ్ళు బాగాలేవని ఆ ముక్క ముందే ఏడవచ్చు కదరా! అనవసరంగా ఆ పిల్లని ఆడిపోసుకున్నాను. చూపు లేనివాళ్ళకి కార్డులు పంపే బుద్ధిహీనురాలిని నేను, మాట వినపడనిది నాకు. మా ఇద్దరిదీ బాగా కుదిరింది.

అయినా నేను ఊరుకునేదాన్నా? ఆమె చదవలేకపోతే వింటుంది కదా. అర్జున్‌ని కూర్చోబెట్టి నా గొంతు రికార్డు చేయించి ఒక్సానా ఫోన్‌కి పంపించాను. ఏళ్ళ తర్వాత నోరారా రష్యన్ మాట్లాడాను. నా గొంతు నాకే వినపడదు గానీ ముక్కలు మాత్రం ఒక్కటీ తడబడలేదు. ఏం చెప్పానో నీకూ రాస్తున్నాను: "తల్లీ, ధైర్యంగా ఉండు. అన్నదమ్ములు కొట్టుకున్నంత మాత్రాన ఇల్లు ఇల్లు కాకుండా పోదు. ముక్కలైన మన దేశం ఎప్పటికైనా మళ్ళీ ఒకటవుతుంది. ఆ రోజు నువ్వూ నేనూ కలిసి ఖార్కోవ్ వెళ్దాం." చెబుతుంటే నాకే కళ్ళనీళ్ళు వచ్చాయి. "ఆర్ యూ ష్యూర్, అమ్మమ్మా?" అని రాసి చూపించాడు వాడు, నేను ఏడుస్తున్నానని. పంపరా అన్నాను.

విని ఏమందో రాయి.

అక్క


రెజైనా
6 నవంబరు 2023

అక్కకు,

ఒక్సానా కళ్ళు బాగానే ఉన్నాయి. నీకు అబద్ధం రాశాను. నువ్వు నొచ్చుకుంటావని రాశాను. ఇప్పుడు ముగ్గురమూ నొచ్చుకున్నాం.

నిజం ఇది. నిరుడు మార్చిలో ఆమె అన్న మికోలా నీళ్ళ క్యాన్లు పట్టుకుని అపార్ట్‌మెంట్ కింద క్యూలో నిలబడ్డాడు. బాంబు క్యూ మీద పడింది. ఆ కబురు వచ్చిన రోజు సాయంత్రం ఒక్సానా వంటింట్లోకి వచ్చి నాతో ఇంగ్లీషులో చెప్పింది: "ఈ ఇంట్లో ఇక రష్యన్ వద్దు." అంతే. ఇవాళ్టివరకు ఒక్క ముక్క మాట్లాడలేదు.

నీకు అర్థమవుతోందా అక్కా? ఆమె పుట్టి పెరిగింది రష్యన్‌లోనే. ఉక్రేనియన్ వాళ్ళమ్మ పల్లెటూరి నుంచి తెచ్చిన భాష. ఆ రోజుల్లో అది మాట్లాడితే ఖార్కివ్‌లో, అదే నువ్వు రష్యన్‌లో ఖార్కోవ్ అనే ఊళ్ళో, చదువుకున్నవాళ్ళు నవ్వేవారు. మేం ప్రేమించుకుంది రష్యన్‌లో. పోట్లాడుకుంది, పిల్లలు లేరని ఒకరినొకరు ఓదార్చుకుంది, ముద్దుపేర్లు పెట్టుకుంది అన్నీ అందులోనే. ఇప్పుడు మా ఇద్దరికీ మిగిలింది ఇంగ్లీషు. బ్యాంకు కౌంటర్ దగ్గర మాట్లాడుకున్నట్టు మాట్లాడుకుంటున్నాం. పాలు అయిపోయాయి, హీటరు బాగుచేసే మనిషి రేపు వస్తాడు, ఇలాంటివే. నా భార్యతో మాట్లాడి ఏడాదిన్నర దాటింది.

అందుకని ఈ వయసులో చర్చి కింది గదిలో మంగళవారాలు ఉక్రేనియన్ నేర్చుకుంటున్నాను. నోరు తెరిస్తే రష్యనే వస్తుంది. టీచరమ్మ పాతికేళ్ళ పిల్ల. ఓపికగా దిద్దుతుంది.

నీ రికార్డింగ్ కిందటి నెల ఒక శనివారం మేం చర్చి హాల్లో ఉండగా వచ్చింది. ఒక్సానా చేతులు పిండిలో ఉన్నాయి. నీ పేరు చూసి ముఖం వెలిగింది. మోచేత్తో ఫోన్ నొక్కింది. హాలంతా వినిపించింది. మన దేశం మళ్ళీ ఒకటవుతుంది, అది కూడా అంత చక్కటి రష్యన్‌లో. అక్కడ ఇళ్ళు కూలి వచ్చినవాళ్ళున్నారు. వాళ్ళ ఇళ్ళు కూల్చినవాళ్ళు చెప్పే మాటా అదే అక్కా. కొడుకు పోయిన ఒకావిడ అప్పడాల కర్ర కింద పెట్టి, కోటు వేసుకుని వెళ్ళిపోయింది. ఒక్సానా ఆ హాలుకి మళ్ళీ వెళ్ళలేదు.

ఇంకో సంగతి. ఆ నీలం గిన్నె గురించి గొప్పగా రాశావు. తొంభైమూడులో ఫ్యాక్టరీలో జీతాలకి బదులు గిన్నెలు పంచారు. మాకు పదకొండు నెలల జీతం గిన్నెలే. నాకు పాఠం చెప్పిన ప్రొఫెసరు బజారులో గుడ్డ పరుచుకుని బల్బులు అమ్మాడు. మా పార్టీ కార్యదర్శి రెండేళ్ళలో బ్యాంకు పెట్టాడు. మేం తెనాలి వచ్చింది చుట్టపుచూపుగా కాదు, తినడానికి లేక వచ్చాం. నువ్వు ఆ దేశాన్ని రంగుల పత్రికల్లో చూశావు. మేం దాని క్యూల్లో నిలబడ్డాం.

కోదండరామ్


బర్నబీ
1 డిసెంబరు 2023

చిరంజీవి కోదండరామ్‌కు,

నీ ఉత్తరం అందింది. నేను ఇచ్చింది దీవెన. అది ఆమె చెవికి శాపంగా వినిపిస్తే నేనేం చెయ్యను? ఎదురుగా హాలుందనీ, హాల్లో ఎవరెవరున్నారనీ నాకు తెలుసా? కళ్ళు లేవని రాసిందెవరు?

భాష ఏం పాపం చేసిందిరా? ఇంగ్లీషువాడు మనల్ని అన్నేళ్ళు ఏలాడు, కొట్టాడు, చంపాడు. మనం ఇంగ్లీషు మానేశామా? ఇప్పుడు మీరిద్దరూ మాట్లాడుకుంటున్నదే అది! నాన్న జీవితమంతా నమ్మినదాన్ని రంగుల పత్రిక అని తేల్చేశావు. అది కూలక ముందే పోయారు, అదృష్టవంతులు. మన వీధిలో పార్టీ ఆఫీసు ఇప్పుడు సెల్‌ఫోన్ల కొట్టయిందట. ఆయన పేపరు చదువుకున్న అరుగు మీద ఫోన్ కవర్లు వేలాడదీశారట. అదొక ఏడుపు నాకు. దాని మీద నీదొకటి.

ఆ గిన్నెలో పాలు కాచడం మానేశాను. ఇక మీ మధ్యకి నేను రాను. ఏదైనా అవసరమైతే ధాత్రికి చెప్పు.

ఝాన్సీలక్ష్మి


రెజైనా
9 జులై 2024

అక్కా,

ఏడు నెలలు నేనూ పంతానికి పోయాను. ఇక పోలేను.

ఒక్సానాకి పాంక్రియాస్‌లో కాన్సర్. ఏప్రిల్‌లో బయటపడింది. వైద్యం ఏమీ లేదన్నారు, నొప్పి తెలియకుండా చూస్తామన్నారు. ఆకులు రాలేవరకు ఉంటే గొప్ప.

మందుల వల్ల కాబోలు, ఇంగ్లీషు ఆమె నోటికి రావడం లేదు. ఉన్నట్టుండి ఉక్రేనియన్‌లో ఏదో చెబుతుంది, చిన్నప్పటి పల్లెటూరి మాటలు. సగం నాకు అర్థం కావు. నాకొచ్చిన ఉక్రేనియన్ బజారులో క్యాబేజీ కొనడానికి చాలుతుంది. ఇలాంటప్పుడు చాలదు. ఆమె చెప్పింది మళ్ళీ చెబుతుంది, నేను తెల్లమొహం వేస్తాను. విసుగొచ్చి కళ్ళు మూసుకుంటుంది.

మొన్న తట్టుకోలేక రష్యన్‌లో అడిగేశాను. "ఒక్కసారి, నా కోసం, మన భాషలో మాట్లాడు" అన్నాను. ఆమె గోడవైపు తిరిగి పడుకుంది. భుజాలు కదులుతున్నాయి. పోయే మనిషిని ఏడిపించాను అక్కా. మాట్లాడుకోకుండానే పోతుందేమో అని నాకు భయంగా ఉంది. ఇంకేదీ అడగను, ఒక్క వారం మా ఇద్దరికీ ఒక భాష ఉంటే చాలు.

నిన్న సూపు తాగిస్తుంటే చెయ్యి అడ్డం పెట్టి "చాలు" అంది. మన "చాలు". ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియదు. నేను ఉలిక్కిపడ్డాను. నీకు రాయాలనిపించింది.

కోదండం


బర్నబీ
16 జులై 2024

ఒరేయ్ నాన్నా,

నీ ఉత్తరం చదివి ఆ పూట మంచం దిగలేదు. రేపే బయల్దేరతానంటే చెవి డాక్టరు వల్లకాదన్నాడు. నిలబడితే తల తిరుగుతోంది, విమానం ఎక్కితే మనిషి దక్కదన్నాడు. ధాత్రి నా చెప్పులు దాచేసింది. అందుకని ఉత్తరమే వస్తోంది.

ఎక్కణ్ణుంచి వచ్చిందంటావేమిట్రా వెర్రివాడా? తెనాలి నుంచి వచ్చింది. నా వంటింట్లోంచి వచ్చింది. ఆ ఆరు నెలలూ నువ్వు ఉద్యోగం కోసం హైదరాబాదు చుట్టూ తిరిగావు. నేను ఎనిమిదేళ్ళ ధాత్రిని అదిలిస్తుంటే, ఇంటికొచ్చినప్పుడల్లా నిన్ను తిడుతుంటే, ఒక్సానా గుమ్మానికి ఆనుకుని వింటూ ఉండేది. సాయంత్రం నేను స్కూలు నుంచి రాగానే "అక్కా, తిన్నావా? కాళ్ళు కడుక్కో" అనేది. నిన్ను చూసి నన్ను అక్కా అని పిలిచేది, వదినా అనాలని నేను దిద్దలేదు. నువ్వు మాత్రం ఆ పిల్లతో ఎన్నడూ తెలుగులో మాట్లాడలేదు. మాకు రష్యన్ ఉంది కదా అన్నావు.

తెలుగులో ఆమెని ఎవరూ ఏడిపించలేదురా. ఆ భాషలో బాంబులు పడలేదు. దాంట్లో ఆమెకి తెలిసిందల్లా ఒక వేసవి, మామిడికాయ పచ్చడి, నేను. మాట్లాడు. "తిన్నావా" అను. "కొంచెం", "వేడిగా ఉంది", "ఇటు తిరుగు", "భయం లేదు" ఇవన్నీ ఆమెకి వచ్చు. ధాత్రికి జ్వరమొస్తే పక్కన కూర్చుని నాతోపాటు ఆమె కూడా అంది. రాకపోతే నువ్వు ముందు అను, ఆమె వెనకాల అంటుంది. ఆమెకి అప్పజెప్పుకోవడం అలవాటే.

నేను ఇక రష్యన్‌లో ఆమెకి రాయను. మన దేశమనీ అనను. అన్నను పోగొట్టుకున్న పిల్లని భాష ఏం పాపం చేసిందని అడిగాను చూడు, దానికి సిగ్గుపడుతున్నాను. ఆమెకి నా మాటగా చెప్పు, తెలుగులోనే చెప్పు.

అక్క


రెజైనా
19 ఆగస్టు 2024

అక్కా,

నవ్వకు. నా భార్య నన్ను "ఒరేయ్" అంటోంది.

నీ ఉత్తరం వచ్చిన పూట "తిన్నావా?" అన్నాను. నా వైపు తిరిగింది. తర్వాత "తిన్నా. ఒరేయ్ కోదండం, నువ్వు తిన్నావా?" అంది. అచ్చం నీ విరుపే! ఆమెకొచ్చిన తెలుగంతా నువ్వు నన్నూ ధాత్రినీ తిట్టిన తెలుగే కదా. నేను ఏడ్చేశాను. "ఏడుపు ఆపు. ముక్కు తుడుచుకో" అంది. ముప్పై ఆరేళ్ళ కాపురంలో ఇంత ధాటీగా నన్నెప్పుడూ అదిలించలేదు.

ముక్కలు కొన్నే. మళ్ళీ మళ్ళీ అవే చెప్పుకుంటాం. తిన్నావా, పడుకో, నొప్పి ఎక్కడ, ఇటు రా, భయం లేదు. ఇంతకన్నా ఎక్కువ అవసరం రావడం లేదు. ఓపిక ఉన్నప్పుడు ఆమె నాకు ఉక్రేనియన్ ముక్క ఒకటి నేర్పుతుంది, నేను తెలుగు ముక్క ఒకటి ఇస్తాను. నీ మాట చెప్పాను. "అక్క మంచిది. అరుస్తుంది" అంది.

రేపు ఆమె పుట్టినరోజు. నీ దగ్గర్నుంచి కార్డేదని నిన్న వెతికింది.

కోదండం


రెజైనా
3 నవంబరు 2024

అక్కా,

ధాత్రి వచ్చి దగ్గరుండి అన్నీ చూసుకుంది. నీకు అంతా చెప్పే ఉంటుంది. ఒక్కటి మాత్రం ఆమెకి నేను చెప్పలేదు.

ఒకప్పుడు కమ్యూనిస్టు యువజన సంఘంలో జెండా మోసిన పిల్లని చర్చిలో ధూపం వేసి పంపారు. ఆమె అడిగిందే. నాన్న చూస్తే ఏమనేవారో. ఏమీ అనేవారు కాదేమో. ఆ రోజు హాలులోంచి లేచి వెళ్ళిపోయినావిడ వచ్చింది. భోజనాలకి వరేనికి తనే చేసింది.

చివరి రోజు పొద్దున ఆస్పత్రి గదిలో ఇద్దరమే ఉన్నాం. రెండు రోజులుగా ఏ భాషా లేదు. నేను చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. కళ్ళు తెరిచింది. నన్ను చూసింది, నా వెనక తలుపు వైపు చూసింది. స్పష్టంగా అంది. "ఒరేయ్, వెళ్ళొస్తా. తలుపేసుకో."

వరండాలోంచి చలిగాలి వస్తోందేమో అనుకున్నాను. నిజంగానే లేచి వెళ్ళి తలుపు వేశాను. తిరిగి వచ్చేసరికి వెళ్ళిపోయింది.

నాలుగడుగుల దూరం అక్కా. చెయ్యి వదలకుండా ఉండాల్సింది. ఇప్పుడు ఇంట్లో ఏ తలుపు దగ్గరికి వెళ్ళినా అదే గుర్తొస్తోంది. మంగళవారం క్లాసు మానేశాను. ఎవరితో మాట్లాడాలని నేర్చుకోను?

కోదండం


బర్నబీ
12 నవంబరు 2024

ఒరేయ్ కోదండం,

చెయ్యి వదిలానని కుమలకు. ఆమె వెయ్యమంది, నువ్వు వేశావు. రోజూ నేను గుమ్మం దిగుతూ అన్న మాటే అది. సాయంత్రానికి తిరిగొచ్చే మనిషి అనే మాట. నా మాట దాచుకుని దాచుకుని చివరికి నీకు అప్పజెప్పి వెళ్ళింది. నేను ఏడవడం లేదు అనుకోకు. నా ఏడుపు నాకు వినపడదు, అర్జున్ పరిగెత్తుకొచ్చాడు.

నీలం గిన్నె మళ్ళీ దించాను. పదకొండు నెలలు పని చేసినవాళ్ళకి దక్కిన గిన్నె అది. మూలన పెట్టడానికి నాకేం హక్కుంది? పొద్దున అందులోనే పాలు కాచాను.

నువ్వు మంగళవారం క్లాసుకి వెళ్ళు. వెళ్ళి తీరాలి, నాకు పనుంది. ఆమె అడిగినప్పుడు కార్డు పంపలేకపోయాను. ఏ భాషలో రాయాలో తెలియక మానేశాను. తెలుగులో రాస్తే ఆమె చదవలేదు. వచ్చే ఆగస్టు ఇరవైకి, ఖార్కివ్‌కి వాళ్ళమ్మ తెచ్చిన భాషలో రాయాలి. నాకు డెబ్బై వచ్చాయి, కొత్త భాష తొందరగా ఎక్కదు. అందుకని ఇప్పట్నుంచే మొదలుపెడుతున్నాను. నీ పుస్తకం జిరాక్స్ తీయించి పంపు. నేను రాసింది మీ టీచరమ్మ చేత దిద్దించి, సమాధి దగ్గరికి తీసుకెళ్ళి గట్టిగా చదువు.

కార్డులో ఎక్కువ రాయను. 'మరదలా, తలుపు తీసే ఉంచాం' అని ఒక్క ముక్క. ఆ భాషలో ఎలా అంటారో ముందు అది కనుక్కుని రాయి.

అక్క